జపాను కారు, న్యూజిలాండు రోడ్డు

న్యూజిలాండు రోడ్ల మీద తిరిగే కార్లలో ఎన్నో జపానులో ఒకరు వాడి అమ్మినవే. రెండు దేశాల్లోనూ వాహనాలు ఎడమవైపే నడుస్తాయి కదా! 2013లో జపానులో అమ్మకానికి వచ్చిన మిత్సుబిషి ఔట్‌లాండర్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కూడా అలాగే ఓడ ఎక్కింది. అందులో 12 కిలోవాట్-గంటల బ్యాటరీ, రెండు విద్యుత్ మోటార్లు, ఒక పెట్రోలు ఇంజను ఉంటాయి.

పాత కారు కొనేవారు ముందుగా చూడవలసింది రంగును కాదు, బ్యాటరీని. ఛార్జి చేసినప్పుడల్లా లిథియం అయానులు ఒక ధ్రువం నుండి మరొక ధ్రువానికి ప్రయాణిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటిలో కొన్ని ధ్రువంపై పేరుకునే సన్నని పొరలో చిక్కుకుపోతాయి. 12 కాస్తా 9 అయిందనుకోండి. విద్యుత్తుతో నడిచే దూరం నాలుగోవంతు తగ్గుతుంది. కారు ఆగదు, ఇంజను అందుకుంటుంది. పెట్రోలు ఖర్చు మాత్రం పెరుగుతుంది.

ఇంకో తమాషా! జపాను నుండి వచ్చిన పాత కార్లలో చాలావాటి ఎఫ్.ఎం. రేడియో 76 నుండి 90 మెగాహెర్ట్‌జ్ వరకే పలుకుతుంది. న్యూజిలాండు కేంద్రాలేమో 88 నుండి 108 మధ్య ఉంటాయి. ఆ రేడియోకు ఎంత మేర అందుతుందో మీరే లెక్కకట్టండి.