పులుపు మానితే కేన్సర్ తగ్గుతుందా?

"మా అత్తగారికి నోటి కేన్సర్. పులుపు మాన్పించి, వంటసోడా నీళ్ళు పట్టిస్తే చాలు, ఆసుపత్రి అక్కరలేదంటున్నారు. నిజమేనా?" కొత్తవలస నుంచి ఒక సోదరి ప్రశ్న ఇది.

అమ్మా, ఆ మాటలో ఆవగింజంత నిజం ఉంది. కొండంత ప్రమాదమూ ఉంది.

కేన్సర్ కణాలు గ్లూకోజును ఆబగా వాడుకుని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు వార్‌బర్గ్ 1920లలోనే దీనిని గమనించాడు. రక్తపు పి.హెచ్. 7.4 దగ్గర ఉంటే, చాలా గడ్డల చుట్టూ అది 7 కంటె తగ్గుతుంది. తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. ఆ పులుపు గడ్డ తయారుచేసుకున్నదే గాని, మీ చారులోది కాదు. సోడా నీళ్ళతో గడ్డ కరగదు. మోతాదు మించితే ఒంట్లో లవణాల తూకం చెడుతుంది.

మామూలు కేన్సర్ మందు మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. జుట్టు రాలడం, వాంతులు అందుకే. అందుకని శాస్త్రజ్ఞులు వెంట్రుక మందంలో సుమారు వెయ్యోవంతుండే నానో రేణువులలో మందు నింపి చూస్తున్నారు. రక్తంలో వాటి మూత బిగిసే ఉంటుంది. గడ్డలోని ఆమ్లం తగిలితే ఊడి, మందు అక్కడే బయటపడుతుంది. అయితే ఇది చాలావరకు పరిశోధన దశలోనే ఉంది. దానికోసం ఇప్పటి చికిత్స ఆపకూడదు.

చుట్ట నిప్పును నోట్లో పెట్టుకునే అడ్డపొగ మీ ప్రాంతపు ఆడవారిలో పాత అలవాటు. అంగిలి కేన్సర్‌కు అదొక కారణం. నోట్లో పుండు మూడు వారాలకూ మానకపోతే చూపించుకోండి. అత్తగారిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది.

చింతపండు మాన్పించనక్కరలేదు. చుట్ట మాన్పించండి.