ఎవరి కొలువు, ఎవరి యాజ్ఞ?

శాసనము లెంత చక్కగా వ్రాసికొన్నను వానిని నడపువారు మనుష్యులే. తాలూకా కచేరీలో గుమాస్తా యొక పక్షమునకు లోబడినచో రైతునకు న్యాయము దూరమగుట మన మెరుగుదుము. 193 దేశముల కుమ్మడి కచేరీయగు ఐక్యరాజ్య సమితిలో ఉద్యోగి తన దేశప్రభుత్వమునకు లోబడినచో ఇక చెప్పవలసిన దేమి? కావున అచ్చట ఉద్యోగుల నెట్లు ఎన్నుకొందురు, ఎట్లు పోషింతురు, ఎట్లు కాపాడుదురు అనునది జీతబత్తెముల లెక్కమాత్రమే కాదు. సమితి ప్రతిష్ఠయంతయు దానిమీదనే నిలిచియున్నది.

ఈ యుద్యోగవర్గమునకు పునాది వేసినవాడు నానాజాతి సమితి ప్రథమ ప్రధాన కార్యదర్శి సర్ ఎరిక్ డ్రమ్మండు. ఒక్కొక్క దేశము తనవారిని తన ఖర్చుపై పంపు పద్ధతి నాయన వలదని, పలుదేశములవారు సమితి జీతమే తినుచు, సమితికే బాధ్యులై పనిచేయవలెనని నిర్ణయించెను. జీత మెంత యను చిక్కును 1921లో నోబుల్‌మేరు సంఘము తీర్చెను. మిక్కిలి జీతమిచ్చు దేశమునుండియు యోగ్యులు వచ్చునట్లుండవలెనని దాని యభిప్రాయము. ఆ సూత్రము నేటికిని చెల్లుచున్నది.

1945 నాటి ఐక్యరాజ్య సమితి శాసనపత్రమున 100వ యధికరణము రెండువైపుల పదును గలది. ఉద్యోగి యే ప్రభుత్వము నాజ్ఞలను కోరరాదు, పొందరాదు. ఏ ప్రభుత్వమును అతనిని వంచజూడరాదు. 101వ యధికరణము సామర్థ్యమును, నిజాయితీని ప్రధానముగా నెంచి, నియామకములు వీలైనంత విశాలముగా నన్ని భూభాగములనుండియు జరుపవలెనని చెప్పుచున్నది.

ఈ మాటలకు పరీక్ష త్వరలోనే వచ్చెను. కమ్యూనిస్టు సంబంధములనుగూర్చి అమెరికా విచారణసంఘముల ప్రశ్నలకు బదులు చెప్పని అమెరికను ఉద్యోగులను ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ తొలగించెను. 1953లో సమితి పరిపాలనా న్యాయస్థానము వారిలో పలువురకు నష్టపరిహార మిప్పించెను. ఆ సొమ్ము నీయరాదని అమెరికా పట్టుబట్టెను. కాని తీర్పును త్రోసివేయు హక్కు మహాసభకు లేదని 1954 జూలై 13న హేగులోని అంతర్జాతీయ న్యాయస్థానము స్పష్టముచేసెను. బలవంతుని కోపమునకు గురియైన చిన్న యుద్యోగికి ధర్మాసనము దిక్కయ్యెను. ఇట్టి రక్షణ లేనిచో నిష్పక్షపాతము వట్టి మాట.

నియామకముల విషయమున మాత్రము మనకు ఫిర్యాదు కలదు. దేశముల వాటాలకై 1988లో అమలునకు వచ్చిన లెక్కలో సభ్యత్వమునకు 40 పాళ్లు, చెల్లించు చందాకు 55 పాళ్లు, జనసంఖ్యకు 5 పాళ్లు మాత్రమే. ధనమునకు పెద్దపీట, జనమునకు చాపకొన! కోట్లకొలది ప్రజలుగల భారతదేశమువంటి వాని కిది న్యాయమని యెవ రనగలరు? దీనిని మార్పుమని కోరుట భిక్షాటనము కాదు, హక్కు.

అయితే హక్కుతోపాటు ధర్మమును గుర్తుంచుకొనవలెను. అచ్చటికి వెళ్లిన మనవాడు మన వకీలు కాడు. అతని చెవిలో మన ప్రభుత్వ మాజ్ఞలు పలికినచో, ఇతరుల పక్షపాతమును నిందించుటకు మనకు నోరుండదు. యోగ్యుల నెన్నుకొనుటకు పోటీపరీక్షయు, నిర్భయముగా పనిచేయుటకు ఉద్యోగభద్రతయు మనము కోరదగినవి. మనవారి సంఖ్య పెరుగవలెను. కాని వారి విధేయత సమితికే చెందవలెను.