శివాలయ స్తంభంపై బుద్ధుని దీపాలు
అమరేశ్వరాలయం నుంచి ధరణికోట వరకు.. అమరావతిలో ఒక రోజు యాత్ర

అమరావతి: కార్తికమాసం వచ్చిందంటే పంచారామ యాత్ర బస్సులతో అమరావతి కిటకిటలాడుతుంది. కృష్ణానదిలో స్నానమాచరించి, అమరలింగేశ్వరుని దర్శించుకున్న భక్తులు ఆ వెంటనే మిగిలిన నాలుగు ఆరామాలకు బయలుదేరుతారు. మరోవైపు దేశవిదేశాల బౌద్ధ యాత్రికులు మహాచైత్యానికి ప్రదక్షిణ చేసి, ధ్యానబుద్ధుని చూసి వెనుదిరుగుతారు. నడక దూరంలోనే ఉన్న ఈ రెండు క్షేత్రాలను కలిపి చూసేవారు తక్కువ. కానీ ఇవి ఒకే నగరానికి రెండు కళ్లు అని చెప్పే రాతి సాక్ష్యం అమరేశ్వరాలయంలోనే ఉంది.

కోట వంశానికి చెందిన రెండవ కేతరాజు క్రీ.శ. 1182లో వేయించిన స్తంభ శాసనమే ఆ సాక్ష్యం. శ్రీధాన్యకటక నగరాన్ని వర్ణిస్తూ మొదలయ్యే ఈ శాసనం, అక్కడ అమరేశ్వరుడు కొలువై ఉన్నాడని, ఆ సమీపంలోనే బుద్ధదేవుడు, శిల్పాలతో అలంకరించిన అతి ఉన్నతమైన చైత్యం ఉన్నాయని పేర్కొంటుంది. శివభక్తుల ఏలుబడిలో, శివాలయ స్తంభంపై చెక్కిన ఈ దానపత్రంలో గ్రామాలు, అఖండ దీపాలు సమర్పించింది బుద్ధునికి. 1234లో నతవాడి వంశీయుడైన రుద్రుని కుమార్తె బయ్యల కూడా బుద్ధునికి అఖండ దీపాన్ని సమర్పించింది. తెలుగునాట బౌద్ధం ఇక్ష్వాకులతోనే అంతరించిందని భావించేవారికి ఈ రాయి వేరే చరిత్ర చెబుతుంది.

అమరారామం

యాత్ర ఆలయం నుంచి మొదలుపెట్టడం సముచితం. కృష్ణా తీరాన క్రౌంచగిరిగా పిలిచే గుట్టపై ఆలయం వెలసింది. తారకాసురుని కంఠంలోని ఆత్మలింగం ఐదు ముక్కలై ఐదుచోట్ల పడగా, ఇక్కడి శకలాన్ని దేవేంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ద్రాక్షారామం, భీమవరంలోని సోమారామం, పాలకొల్లులోని క్షీరారామం, సామర్లకోటలోని కుమారారామం తక్కిన నాలుగు. ఇక్కడి ధవళ లింగం ఎంతో ఎత్తైనది కావడంతో అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. లింగం ఇంకా పెరుగుతుంటే శిరస్సున మేకు కొట్టారని, అందుకే అక్కడ ఎర్రని చార కనిపిస్తుందని భక్తులు చెప్పుకుంటారు. అమ్మవారు బాలచాముండిక.

శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటి దుర్గాన్ని జయించిన తర్వాత ఈ క్షేత్రాన్ని దర్శించి తులాపురుష దానం చేశాడు. ఆ జ్ఞాపకంగా నిలిచిన తులాభార మండపాన్ని చూడకుండా వెళ్లరాదు. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చి, ఆలయాన్ని ఉద్ధరించి, కొత్త పట్టణాన్ని నిర్మించాడు. నేటి అమరావతి ఊరికి రూపమిచ్చింది ఆయనే.

దీపాలదిన్నె

ఆలయం నుంచి నడిచి వెళ్లగల దూరంలో మహాచైత్యం ఉంది. మొదటిసారి చూసేవారికి నిరాశ కలగడం సహజం. ఇటుకల వలయం, గడ్డి పెరిగిన వేదిక, తిరిగి నిలబెట్టిన కొన్ని రాతి కంబాలు తప్ప మరేమీ కనిపించవు. అయితే దీనిని ఎలా చూడాలో తెలిస్తే ఆ వలయమే మాట్లాడుతుంది.

క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల ప్రాంతంలో మొదలైన ఈ స్తూపం శాతవాహనుల కాలంలో మహోన్నత స్థితికి చేరింది. అండానికి ఆధారమైన గుండ్రని వేదిక వ్యాసం సుమారు 50 మీటర్లు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన భాగాలను ఆయక వేదికలు అంటారు. ఒక్కో వేదికపై ఐదేసి ఆయక స్తంభాలు నిలిచేవి. బుద్ధుని జీవితంలోని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి సంకేతాలని పండితులు వివరిస్తారు. వేదిక చుట్టూ ప్రదక్షిణ పథం, దాని వెలుపల మనిషిని మించిన ఎత్తున శిల్ప ప్రాకారం ఉండేవి. పల్నాటి సున్నపురాతి పలకలపై జాతక కథలను, పద్మాలను, పూర్ణఘటాలను చెక్కారు.

ఈ కట్టడం ఏ ఒక్క రాజు కీర్తికో కట్టింది కాదు. పలకలపై ఉన్న చిన్న చిన్న దాన శాసనాల్లో వర్తకులు, గృహిణులు, భిక్షువులు, భిక్షుణుల పేర్లు కనిపిస్తాయి. నాగ ఉపాధ్యాయుని కుమారుడు విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘట శిల్పాన్ని దానం చేశాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమోదించిన రాజముద్రకు అమరావతి ధర్మచక్రంతో పాటు ఆ పూర్ణఘటమే స్ఫూర్తి. రెండువేల ఏళ్ల నాటి చెప్పులు కుట్టే కుటుంబపు కానుక నేడు ప్రభుత్వ ఉత్తర్వులపై ముద్రగా నిలిచింది.

శ్రీలంకలోని గడలదెనియ శాసనం ప్రకారం, 1344 నాటికి ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలోని రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడు. ఆ తర్వాత పూజలు ఆగిపోయాయి. చైత్యం మట్టిదిబ్బగా మారింది. స్థానికులు దానిని దీపాలదిన్నె అని పిలిచారు. కేతరాజు, బయ్యల వెలిగించిన దీపాలు ఆరినా పేరులో మాత్రం దీపం మిగిలింది.

రాళ్లు ఎటు వెళ్లాయి?

కొత్త పట్టణానికి రాయి, ఇటుక అవసరమైన వేళ వెంకటాద్రి నాయుని మనుషులు దిన్నెను తవ్వారు. దిబ్బలో నిధి ఉందన్న ఆశ కూడా తోడైంది. శిల్ప ఫలకాలు కొన్ని ఇళ్ల గోడల్లోకి, కొన్ని శివగంగ చెరువు మెట్లలోకి చేరాయి. ఒక ఆలయాన్ని వెలుగులోకి తెచ్చిన నిర్మాణమే పక్కనున్న చైత్యానికి శాపమైంది. ఆ తవ్వకాల సంగతి విని 1790 దశకం చివర వచ్చిన కల్నల్ కోలిన్ మెకంజీ దీని ప్రాముఖ్యాన్ని గుర్తించాడు. ఆయన బృందం 1816 ప్రాంతంలో తిరిగి వచ్చి శిల్పాల చిత్రాలు గీసింది. నేడు కనిపించని అనేక ఫలకాలకు ఆ చిత్రాలే ఆధారం.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి. చాలాకాలం ఎండకు, వానకు ఉన్న తర్వాత వాటిలో అధిక భాగం 1859లో లండన్ ప్రయాణమయ్యాయి. 1877లో రాబర్ట్ సెవెల్ తవ్వకాలు జరపగా, 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిబ్బ మొత్తాన్ని తొలగించారు. పురావస్తు పద్ధతులు పాటించకుండా తవ్వడంతో మధ్యలో పెద్ద గొయ్యి మాత్రమే మిగిలింది. ఆ తర్వాత జేమ్స్ బర్జెస్, అలెగ్జాండర్ రీ మిగిలిన వాటిని నమోదు చేశారు. నేడు అమరావతి శిల్పకళను పూర్తిగా చూడాలంటే లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియం, అమరావతి మూడింటికీ వెళ్లాల్సిందే.

ముందు మ్యూజియం.. తర్వాత స్తూపం

అందుకే యాత్రికులు స్తూపానికి ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ మ్యూజియం చూడడం మేలు. స్తూపపు నమూనా, ప్రాకారంలో కొంత భాగానికి చేసిన పునర్నిర్మాణం చూస్తే కట్టడం రూపం మనసులో నిలుస్తుంది. తొలినాటి శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రమే ఆయనకు గుర్తు. తర్వాతి కాలపు ఫలకాల్లో బుద్ధమూర్తి ప్రత్యక్షమవుతాడు. ఈ తేడాను గమనిస్తే శతాబ్దాల మార్పు కళ్ల ముందు కదులుతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

మధ్యాహ్నం తర్వాత కృష్ణా తీరాన 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహాన్ని దర్శించవచ్చు. బుద్ధుడు కాలచక్ర బోధను తొలుత ధాన్యకటకంలోనే చేశాడని టిబెట్ బౌద్ధుల విశ్వాసం. ఆ కారణంగానే 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర మహోత్సవాన్ని నిర్వహించారు.

సాయంత్రం పక్కనే ఉన్న ధరణికోటకు వెళ్లాలి. అసలు ధాన్యకటక నగరం ఇదే. ఊరి చుట్టూ కనిపించే ఎత్తైన మట్టికట్టలు ప్రాచీన కోటగోడల ఆనవాళ్లు. 1960 దశకంలో జరిగిన తవ్వకాల్లో ఇక్కడ పడవలు నిలిచే రేవు, కాల్వ జాడలు బయటపడ్డాయి. కృష్ణ మీదుగా సాగిన వర్తకమే చైత్యానికి దాతలను, నగరానికి సంపదను ఇచ్చింది.

కాపాడుకోవాల్సింది ఇంకా ఉంది

2015లో రాష్ట్ర కొత్త రాజధానికి ఈ ఊరి పేరే పెట్టారు. రాజధాని గ్రామాలు ఇక్కడికి తూర్పున ఉన్నాయి. 2022 జిల్లాల పునర్విభజనలో పాత అమరావతి పల్నాడు జిల్లాలో చేరింది. పేరుకు ప్రఖ్యాతి పెరిగిన కొద్దీ దాని మూలమైన ఊరిలో మిగిలిన ఆనవాళ్లను కాపాడే బాధ్యతా పెరుగుతుంది. పొలం దున్నుతున్నప్పుడో, పునాది తీస్తున్నప్పుడో బయటపడే పెద్ద ఇటుక, చెక్కిన రాయి గోడలో కలిసిపోకుండా అధికారుల దృష్టికి తీసుకువెళ్లాలి. వేదికలపైకి ఎక్కడం, శిల్పాలను తాకడం సందర్శకులు మానుకోవాలి. రెండు వందల ఏళ్ల క్రితం అవసరానికి వాడుకున్న రాళ్లు తిరిగి రాలేదని చైత్యం మధ్యలోని ఖాళీయే చెబుతోంది.

ఎలా చేరుకోవాలి?: గుంటూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు. గుంటూరు, విజయవాడల నుంచి ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. ఉదయాన్నే ఆలయ దర్శనం, ఎండ ముదిరేలోగా మ్యూజియం, మహాచైత్యం, సాయంత్రం ధ్యానబుద్ధ, ధరణికోట అనే క్రమంలో చూస్తే ఒక్క రోజు సరిపోతుంది. ఆలయంలో కేతరాజు స్తంభం వద్ద మాత్రం కాసేపు ఆగాలి. రెండు క్షేత్రాల యాత్రకూ అదే తొలిమెట్టు.