మూడు గొంతుల బాణీ, ఎనభై వాద్యాలు

1986లో జపాన్‌లో విడుదలైన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఆట తెరచుకోగానే వినిపించాల్సింది మొరీస్ రవెల్ ‘బొలేరో’. నింటెండో సంగీత దర్శకుడు కోజి కోండో అదే పెడదామనుకున్నారు. రవెల్ 1937 డిసెంబరులో కన్నుమూశారు. ఆ రచన మీద హక్కుల గడువు ఇంకా తీరలేదని, ఆట దాదాపు సిద్ధమయ్యాక తెలిసింది. కోండో ఒక్క రాత్రిలో, ఆటలో కొండలూ అడవులూ తిరిగేటప్పుడు మోగే తన సొంత బాణీనే మొదటి తెరకు సరిపడేలా మలిచి ఇచ్చారు. ఆట సంగీతాన్ని ప్రేమించే అభిమానులు ఆర్కెస్ట్రా కోసం మళ్లీ మళ్లీ రాసుకునే బాణీల్లో ఈనాటికీ అది ముందు వరసలో ఉంటుంది.

ఇలా రాసేవాళ్లలో చాలామందికి ఇది వృత్తి కాదు, డబ్బూ రాదు. ఆటలోని పాటను వరస వరసగా విని స్వరాలు రాసుకుంటారు. ఏ వరస ఏ వాద్యానికి ఇవ్వాలో తేల్చుకుని పూర్తి స్కోరు తయారు చేస్తారు. ఉన్న పాటకే వాద్యాలు పెంచడం కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. అలా పెంచితే వచ్చేది పెద్ద రొద. మంచి అరేంజర్ అడుగడుగునా ధ్వనిశాస్త్రంతో తలపడుతూనే ఉంటాడు. ఆట యంత్రంలోని చిప్ మోగించిన ధ్వనిలో ఏముంది, ఏం లేదు అన్నది తెలిస్తేనే ఆ పని ఎంత లోతైనదో అర్థమవుతుంది.

ఆ రోజుల నింటెండో యంత్రంలో శబ్దం పుట్టించేది రికో సంస్థ చేసిన ఒక చిప్. అందులో ఐదు ఛానళ్లున్నాయి. ఒకటి రికార్డు చేసిన చిన్న చిన్న ముక్కలను వినిపించడానికి, ఒకటి రొద పుట్టించడానికి. స్వరం పలికేవి మిగిలిన మూడే. వాటిలో రెండు చతురస్ర తరంగాలు, ఒకటి త్రిభుజ తరంగం. చతురస్ర తరంగమంటే విద్యుత్ సంకేతం పైకి లేవడం, కింద పడడం, అంతే. మధ్యలో మెట్లు ఉండవు. ఒక చక్రంలో అది ఎంతసేపు పైన ఉండాలన్నది మార్చుకోవచ్చు: 12.5 శాతం, 25 శాతం, 50 శాతం, 75 శాతం. శబ్దం గట్టిదనానికి పదహారు మెట్లున్నాయి. త్రిభుజానికి ఆ సదుపాయం కూడా లేదు, మోగితే మోగుతుంది, లేకపోతే లేదు.

స్వరం పలికే పద్ధతిలోనూ ఒక ఇబ్బంది ఉంది. సెకనుకు 17,89,773 సార్లు కొట్టుకునే గడియారాన్ని పూర్ణాంకాలతో భాగించి చిప్ ప్రతి స్వరాన్నీ తయారు చేస్తుంది. 440 హెర్ట్జ్ కావాలంటే 440.4 వస్తుంది, ఆ తేడా చెవికి తెలియదు. పైస్థాయిలో 3,520 హెర్ట్జ్ కావాలంటే మాత్రం దగ్గరలో దొరికేది సుమారు 3,496. అంటే అర స్వరంలో దాదాపు ఎనిమిదో వంతు తగ్గిన శ్రుతి. ఆట విని స్వరాలు రాసుకునేవాళ్లు ఆ అపశ్రుతిని దాటి, కోండో మనసులో ఉన్న స్వరాన్ని పట్టుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. తంబురా మంద్ర షడ్జం తీగ మీటి కాసేపు చెవి ఒగ్గితే అందులో అంతర గాంధారం వినిపిస్తుంది. ఆ తీగను ఎవరూ గాంధారానికి శ్రుతి చేయలేదు. తీగ తన మూల పౌనఃపున్యంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతల వేగాలతో కూడా ఏకకాలంలో కంపిస్తుంది. ఈ అనుస్వరాలలో రెండోది పై షడ్జం, మూడోది పంచమం, నాలుగోది ఇంకా పై షడ్జం, ఐదోది గాంధారం. స్వయంభూ గాంధారం అని మన విద్వాంసులు చెప్పేది దీన్నే. ఒకే స్వరాన్ని వేణువూ వీణా పలికినా మనం తేడా పట్టగలుగుతున్నామంటే దానికి ఒక ముఖ్య కారణం, ఏ అనుస్వరం ఎంత బలంగా ఉందన్న లెక్క ఒక్కో వాద్యంలో ఒక్కో రకంగా ఉండడమే.

సగం పైన, సగం కింద ఉండే చతురస్ర తరంగంలో బేసి అనుస్వరాలే ఉంటాయి: ఒకటి, మూడు, ఐదు, ఏడు. ఒక కొస మూసుకున్న గొట్టంలా పనిచేసే క్లారినెట్‌కు కూడా కింది స్థాయిలో బేసి అనుస్వరాలే బలం. అందుకే ఆ ఛానల్‌ను వింటే చెవి క్లారినెట్ వైపు మొగ్గుతుంది. 25 శాతం తరంగంలో ప్రతి నాలుగో అనుస్వరమూ మాయమై, ధ్వని కాస్త ముక్కుతో పలికినట్టుంటుంది. అరేంజర్లలో కొందరు దాన్ని ఓబోకు ఇస్తారు, కొందరు మ్యూట్ పెట్టిన ట్రంపెట్‌కు. త్రిభుజ తరంగంలోనూ ఉండేవి బేసివే, కానీ పైకి పోయేకొద్దీ చాలా త్వరగా సన్నగిల్లిపోతాయి. అందుకే అది మెత్తగా, వేణువు వైపుగా పలుకుతుంది. ఆటల్లో దానికి ఎక్కువగా దక్కేది బేస్ పని. ఆర్కెస్ట్రాలో ఆ వరస డబుల్ బేస్‌లకూ బసూన్‌కూ వెళుతుంది.

కోండో వాడుకోలేకపోయిన ‘బొలేరో’ మధ్యలో ఒకచోట రవెల్ చేసిన పని ఇక్కడ చెప్పుకోక తప్పదు. బాణీని హార్న్ వాయిస్తుంది. మీటలు నొక్కితే లోహపు పలకలు మోగే సెలెస్టా అదే బాణీని ఒక స్థాయి పైన, రెండు స్థాయిల పైన కలుపుతుంది. రెండు పికొలోలలో ఒకటి అదే బాణీని మూడో అనుస్వరం మీద, అంటే పంచమంలో నడుపుతుంది. రెండోది ఐదో అనుస్వరం మీద, గాంధారంలో. హార్న్ షడ్జమైతే మిగతావన్నీ తంబురాలో దాగినవే. అన్నీ ఒక్కసారి, మెత్తగా మోగినప్పుడు చెవి వాటిని విడదీయలేదు. ఎక్కడా లేని ఒక కొత్త వాద్యం, పైప్ ఆర్గన్ లాంటిది, వినిపిస్తుంది. 1928లో, కంప్యూటర్లు లేని కాలంలో, మనుషుల ఊపిరితో ఆయన అనుస్వరాలను పేర్చి ధ్వనిని నిర్మించారు. ఏ వాద్యం దేనితో కలిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలనుకునే అరేంజర్‌కు ఈ కొద్ది క్షణాలే ఒక గ్రంథమని నా నమ్మకం.

ఇక సంఖ్య సంగతి. చిప్‌లో ఒక గొంతు పలికిన బాణీని పదహారు వయొలిన్లకు ఇస్తే శబ్దశక్తి పదహారింతలవుతుంది, అంటే 12 డెసిబెల్స్ పెరుగుదల. మన చెవికి అది రెండింతల కంటే కాస్త ఎక్కువగా మాత్రమే తోస్తుంది. మరి పదహారు మందెందుకు? ఏ ఇద్దరి శ్రుతీ కచ్చితంగా ఒకటి కాదు. ఒకరు 440, ఇంకొకరు 441 దగ్గర ఉంటే సెకనుకొకసారి ధ్వని ఉబ్బి తగ్గుతుంది. ఇలాంటి ఉబ్బెత్తులు పదహారు మంది మధ్య వందలకొద్దీ కలిసిపోయి, తీగవాద్యాల బృందానికి ఆ వెచ్చటి మెరుపునిస్తాయి. చిప్‌లోని రెండు చతురస్రాలు ఒకే స్వరం పలికితే కలిగేది నిర్జీవమైన ఏకత్వం. ఆ నాటి స్వరకర్తలు రెండో ఛానల్‌ను కొద్దిగా ఆలస్యంగా, తక్కువ శబ్దంతో నడిపి ప్రతిధ్వని భ్రమ కల్పించేవారు. ఆ వరసను కూడా స్వరాలనుకుని రెండో వయొలిన్లకు రాసేవాళ్లున్నారు. అది పొరపాటని నా అభిప్రాయం. ఆ ప్రతిధ్వనిని హాలే ఇస్తుంది. రెండో వయొలిన్లకు చిప్ దగ్గర చోటు దొరకని వేరే వరస రాయాలి.

రొద ఛానల్ చేసే పని జెల్డా బాణీలో స్నేర్ డ్రమ్ది, కవాతు నడక దానిదే. పదిహేను బిట్లను ఒకవైపు జరుపుతూ, రెండు బిట్లను పోల్చి కొత్త బిట్ పుట్టించే చిన్న యంత్రాంగం అది. 32,767 అడుగుల తర్వాత అదే వరస మళ్లీ మొదలవుతుంది. చెవి మాత్రం దాన్ని యాదృచ్ఛికమనే నమ్ముతుంది.

అందరికీ ఆర్కెస్ట్రా దొరకదు కాబట్టి ఎక్కువమంది కంప్యూటర్‌లోనే, రికార్డు చేసి పెట్టిన వాద్య ధ్వనులతో పని ముగిస్తారు. ఎక్కువ స్కోర్లు దెబ్బతినేది ఇక్కడే. 1960లలో బెల్ ప్రయోగశాలలో జాన్ క్లాడ్ రిసే ట్రంపెట్ ధ్వనిని కంప్యూటర్‌తో విడదీసి చూశారు. గట్టిగా ఊదేకొద్దీ పై అనుస్వరాల వాటా పెరుగుతుందని తేలింది. అంటే ట్రంపెట్ గట్టిదనం, దాని నాదగుణం కలిసి మారతాయి. మెల్లగా ఊదిన ధ్వని శబ్దం పెంచితే అది గట్టిగా ఊదినట్టు వినిపించదు, మైకు దగ్గరికి వచ్చిన మెల్లని ట్రంపెట్‌లా ఉంటుంది. చిప్ ధ్వనికి ఈ గుణం లేదు, పదహారు మెట్లలో ఎక్కడున్నా దాని అనుస్వరాల నిష్పత్తి ఒకటే. అందుకే చిప్‌లోని హెచ్చుతగ్గులను అలాగే దించుకుంటే ఆర్కెస్ట్రా చప్పగా తేలుతుంది. మంచి ధ్వని సంపుటాలలో ఒక్కో స్వరాన్నీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా విడివిడిగా రికార్డు చేస్తారు. ఒకే స్వరం వరసగా వచ్చినప్పుడు మరబొమ్మ వాయించినట్టు తోచకుండా ఉండడానికి ప్రతి దెబ్బకూ వేర్వేరు రికార్డులు పెడతారు. జెల్డా అమెరికాకు వెళ్లిన క్యాట్రిడ్జ్ మొత్తం 128 కిలోబైట్లు. ఇప్పుడు ఒక్క వయొలిన్ బృందం ధ్వనులకే గిగాబైట్లు కావాలి.

మరో చిక్కు, ఆట పాటకు ముగింపు లేకపోవడం. ఆడేవాడు ఎంతసేపు తిరుగుతాడో తెలియదు కాబట్టి అది తిరిగి మొదటికే వెళుతుంది. కచేరీలో అది ఆగాలి. ముగింపును అరేంజరే సొంతంగా రాయాలి. నాకు నచ్చేది, బాణీని అలాగే ఉంచి ఆవృత్తి ఆవృత్తికీ వాద్యాలు మార్చుకుంటూ పోయే స్కోరు.

ఇక మనుషులే వాయించేటప్పుడు ఇంకో లోకం ఎదురవుతుంది. చిప్‌కు ఊపిరి తీసుకునే అవసరం లేదు. అది ఆపకుండా పలికిన వరసను హార్న్‌కు రాస్తే రెండు పంక్తులకే పెదవులు అలసిపోతాయి. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 2005లో మొదలైన గేమర్ సింఫనీ ఆర్కెస్ట్రా ఆట సంగీతాన్నే వాయిస్తుంది, స్కోర్లు విద్యార్థులే రాసుకుంటారు. స్కోరు రాసినవాళ్లే ఆ బృందంలో కూర్చుని వాయించవచ్చు. అప్పుడు ఏ వరసలో ఊపిరి తీసుకోవడానికి చోటు మిగల్చలేదో రిహార్సల్‌లో పక్కవాళ్ల ముఖాలే చెబుతాయి. హార్న్‌కు రాసిన పొడవాటి వరసను ఇద్దరి మధ్య పంచి, ఒకరు ఊపిరి తీసుకునే చోట రెండోవాళ్లు అందుకునేలా మార్చి, మర్నాటికి కొత్త పేజీలు అచ్చు వేసి తెస్తారు.