మాల తీసిన మర్నాడు

కార్తీకం వస్తే మా కోనసీమలో కొన్ని ఇళ్లకు ప్రాణం లేచొస్తుంది. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి 41 రోజులు మందు ముట్టడు. తెల్లారగట్ల చన్నీళ్లు పోసుకుంటాడు, నల్లబట్ట కడతాడు, పిల్లలతో మెత్తగా మాట్లాడతాడు. మా బాబాయి అలా ఏడేళ్లు వేశాడు. ఓ ఏడాది ఇరుముడి కట్టే ముందు పిన్ని అరుగు మీద నిలబడి, "ఏవండీ, ఈసారి మాల తియ్యకుండా ఉండిపోకూడదూ?" అంది. ఆయన తల దించుకున్నాడు.

కొండకు వెళ్లొచ్చి మాల తీశాడు. అంతలోనే పండగ. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లల్ని తీసుకెళ్లాల్సిన మనిషి, కోడిపందేల బరి పక్కన కొబ్బరిచెట్టు మొదట్లో పడి ఉన్నాడు.

"అన్నాళ్లు మానినవాడికి ఇప్పుడేం రోగం?" అని అందరం తిట్టాం. ఆ 41 రోజులు ఎలా మానగలిగాడని మాత్రం ఒక్కరమూ అడగలేదు. ఆయన ఒంటరిగా మానలేదు. గురుస్వామి ఉన్నాడు. సాయంత్రమైతే భజన ఉంది. తనలాంటి స్వాములు పదిమంది పక్కన కూర్చున్నారు. ఊరంతా 'స్వామీ' అని పిలిచింది. మాలతోపాటు అవన్నీ ఒక్కపూటలో పోయాయి.

ఆ పదిమందినీ ఏడాది పొడవునా కూర్చోబెట్టడమే ఆల్కహాలిక్స్ అనానిమస్ చేసే పని. ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలుసుకున్నారు. ఇద్దరినీ తాగుడు పీల్చి పిప్పి చేసింది. సాటి తాగుబోతుకు తన గోడు చెప్పుకుంటే తన తాగుడు అదుపులో ఉంటుందని విల్సన్ అనుభవంతో తెలుసుకున్నాడు. ఆ మాట 1957లో ఢిల్లీ చేరింది.

గదిలో కుర్చీలు, టీ. ఒకాయన లేచి పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అంటాడు. తన కథ చెబుతాడు. మధ్యలో ఎవరూ అడ్డురారు, బోధలు చేయరు. పిల్లల తల మీద ఒట్టు వేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండటమే లెక్క. ఫీజు లేదు, బయటివాళ్ల చందాలు పుచ్చుకోరు, ఇంటిపేరు అక్కర్లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, కులం అడగరు. అలా కూర్చోబెట్టే గదులు మా కోనసీమలో ఎన్ని ఉన్నాయో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఇది ఉత్త నమ్మకం కాదు. 27 అధ్యయనాలను, 10,565 మందిని లెక్కలోకి తీసుకున్న 2020 నాటి కొక్రేన్ సమీక్ష, పూర్తిగా మానేసి ఉండటంలో ఏఏ దారి మిగతా చికిత్సలకన్నా మెరుగని తేల్చింది.

మద్యం మీద మన పోరాటం చిన్నదేం కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు రాజేసిన నిప్పుకు 1993 అక్టోబరులో సారా పోయింది. 1995 జనవరిలో మద్యనిషేధమే వచ్చింది, 1997లో సడలింది. ఆ రెండేళ్లూ మావాళ్లు గోదావరి దాటి యానాం వెళ్లి తాగొచ్చారు. యానాం పుదుచ్చేరిది, అక్కడ నిషేధం లేదు. ఆడవాళ్లు నడివీధిలో కూడి దుకాణం మూయించారు. తాగేవాడికి మాత్రం కూర్చుని ఏడవడానికి ఒక చోటంటూ ఎవరం చూపించలేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరు, ఆ తర్వాత మీటింగు. తాగేవాడికి తెలియకుండా కూరలో తాగుడు మాన్పించే మాత్ర కలిపే ఇళ్లున్నాయి. దాని మీద మందు పడితే గుండె ఆగే ప్రమాదం ఉంది. కలపకండి. దారి తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. దిగులు కమ్మితే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఏఏ మీటింగులు ఇప్పుడు ఫోన్లోనూ జరుగుతున్నాయి. ఇంట్లోవాళ్ల కోసం 1951లో పుట్టిన అల్-అనాన్ వేరే ఉంది.

బాబాయిని మీటింగుకు వెళ్లకుండా ఆపింది సిగ్గు. "ఎవరైనా చూస్తే?" అన్నాడు. బరి పక్కన పడి ఉన్నప్పుడు చూడనిదెవరు? ఆ మాట నేను పైకి అనలేదు. చివరికి ఊరుకాని ఊళ్లో మీటింగుకు ఒప్పుకున్నాడు. ఆ ఊరి పేరు చెప్పను.

అక్కడికి వెళ్లాలంటే అమలాపురంలో కాకినాడ బస్సెక్కాలి. ముమ్మిడివరం దాటాక ఎదుర్లంక వంతెన, వంతెన దిగితే యానాం, చవక మందు దుకాణాలు. బస్సు అక్కడ ఆగుతుంది. మొదటివారం ఆయన దిగిపోయాడు. రెండోవారం మీటింగులో పాతకాపు ఒకాయన తన నంబరిచ్చి, "వంతెన ఎక్కగానే ఫోన్ చెయ్యి, ఊరు దాటేదాకా పెట్టెయ్యకు" అన్నాడు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం పిన్ని ఫోను దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది. పదిన్నర ప్రాంతంలో మోగుతుంది. రెండే ముక్కలు.

"యానాం దాటానే."