ఉక్కు గట్టిపడే గుణం: రసాయన కూర్పు ఆధారంగా అంచనా

ఉక్కు ఎంత గట్టిపడుతుంది, ఎంత లోతు వరకు గట్టిపడుతుంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానం ప్రధానంగా కర్బనంలో ఉంది. రెండవదానిలో మాంగనీసు, క్రోమియం, నికెల్, మాలిబ్డినం వంటి మూలకాల పాత్ర పెద్దది. రెండింటినీ ‘కాఠిన్యం’ అన్న ఒకే మాటతో సరిపెడితే అసలు విషయం మరుగున పడుతుంది. కాబట్టి రెండవదాన్ని ‘గట్టిపడే గుణం’ అనడమే సమంజసం.

ఎర్రగా కాల్చిన ఉక్కులోని ఆస్టెనైట్ వేగంగా చల్లారితే కఠినమైన మార్టెన్‌సైట్‌గానూ, నెమ్మదిగా చల్లారితే మెత్తని పెర్లైట్‌గానూ మారుతుంది. లావు ఇరుసును నూనెలో ముంచినప్పుడు పైభాగం వెంటనే చల్లారుతుంది, నడిభాగం వెనుకబడుతుంది. మిశ్రమ మూలకాలు పెర్లైట్ ఏర్పడటాన్ని ఆలస్యం చేసి, నడిభాగానికి ఆ గడువు ఇస్తాయి.

ఈ ప్రభావాన్ని 1942లో ఎం. ఎ. గ్రాస్‌మన్ లెక్కకు తెచ్చాడు. ఉపరితలం తక్షణమే చల్లారుతుందని ఊహించుకుంటే, కేంద్రంలో సగం మార్టెన్‌సైట్ ఏర్పడే కడ్డీ మందమే ‘ఆదర్శ సందిగ్ధ వ్యాసం’. కర్బనం, రేణువుల పరిమాణం దీని మూల విలువనిస్తాయి. తక్కిన ప్రతి మూలకమూ దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తుంది. ఇక్కడ జరిగేది కూడిక కాదు, గుణకారం. పద్ధతి సారమంతా ఇందులోనే ఉంది.

ఉదాహరణకు 4140 ఉక్కును తీసుకోవచ్చు. 0.40 శాతం కర్బనానికి, 7వ సంఖ్య రేణు పరిమాణానికి మూల విలువ సుమారు 0.214 అంగుళం. 0.85 శాతం మాంగనీసు గుణకం 3.83, 0.25 శాతం సిలికాన్‌ది 1.175, 0.95 శాతం క్రోమియంది 3.05, 0.20 శాతం మాలిబ్డినంది 1.6. అన్నిటి లబ్ధం 4.7 అంగుళాలు, అంటే దాదాపు 119 మిల్లీమీటర్లు. ఇందులో మాలిబ్డినం వల్ల చేరినది 45 మిల్లీమీటర్లు. క్రోమియం లేని ఉక్కులో అదే మాలిబ్డినం చేర్చేది 15 మిల్లీమీటర్లే.

ఖరీదైన మూలకం ఒక్కటే ఎక్కువగా వేయడం కంటే పలు మూలకాలను కొద్దికొద్దిగా కలపడం ఎందుకు లాభమో దీన్నిబట్టి తెలుస్తుంది. రెండవ ప్రపంచయుద్ధకాలపు కొరతలో అమెరికాలో రూపొందిన ‘నేషనల్ ఎమర్జెన్సీ’ ఉక్కులు ఈ తర్కం మీదే నిలిచాయి. నికెల్, క్రోమియం చెరి అర శాతం, మాలిబ్డినం 0.2 శాతం మాత్రమే ఉండే 8600 తరగతి నేటికీ వాడుకలో ఉంది.

అయితే ఈ లెక్క ఆస్టెనైట్‌లో కరిగిన మూలకాలకే వర్తిస్తుంది. కార్బైడ్లలో చిక్కుకున్న క్రోమియం కాగితం మీద కనిపించినా పనికి రాదు. బోరాన్ సంగతి మరీ చిక్కు: శాతంలో వేయవ వంతుల్లోనే పనిచేస్తుంది, నత్రజనితో కలిసిపోతే నిష్ఫలమవుతుంది, కర్బనం పెరిగేకొద్దీ బలహీనపడుతుంది. అందుచేత కీలకమైన భాగాలకు 1938 నాటి జామినీ పరీక్ష తప్పదు. 25 మిల్లీమీటర్ల మందం, 100 మిల్లీమీటర్ల పొడవు గల కాల్చిన కడ్డీ ఒక కొసకు మాత్రమే నీటిధార తగిలించి, పొడవునా కాఠిన్యాన్ని కొలుస్తారు.