పసిపాప తల ఒక పక్క ఎందుకు చదునవుతుంది?

మేడ్చల్ రోడ్డు మీది సుచిత్ర ప్రాంతంలోనే కాదు, తెలుగువారు ఎక్కడ ఉన్నా సరే, ఇంట్లో పాప పుట్టగానే అమ్మమ్మ చిన్న దిండు కుట్టడం మామూలే. అందులో దూది కాదు, ఆవాలు పోస్తుంది! తల గుండ్రంగా రావాలట. స్నానం చేయించేటప్పుడు నూనె చేత్తో నాలుగు పక్కలా ఒత్తుతుంది కూడా. తల ఏమన్నా మట్టిముద్దా?

కాదు గాని, రాయి కూడా కాదు. పుర్రె ఒకే ఎముక కాదు, కొన్ని పలకల కూర్పు. పసిబిడ్డలో ఈ పలకలు ఇంకా అతుక్కోవు. నడినెత్తిన మెత్తగా కొట్టుకునే మాడు ఆ ఖాళీలన్నిటిలో పెద్దది. అది ఏడాది, ఏడాదిన్నర వయసులో పూడుతుంది. పుట్టినప్పుడు 34 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉండే తల ఏడాదికల్లా సుమారు 45 అవుతుంది. పలకలు ముందే అతుక్కుంటే పెరిగే మెదడుకు చోటెక్కడిది?

నేలకు ఆని కాసిన గుమ్మడికాయను చూశారా? ఆనిన వైపు చదునుగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగి పడుకునే బిడ్డ తలా అంతే. కొందరికి మెడలో ఒక పక్క కండరం బిగుసుకుని ఉంటుంది, అందుకని రెండో పక్కకు తిరగలేరు. కవలలకైతే కడుపులోనే చోటు ఇరుకు. నెలలు నిండకుండా పుట్టినవారి పుర్రె మరీ మెత్తన.

ఇక్కడొక విచిత్రం ఉంది. బిడ్డలను బోర్లా నిద్రపుచ్చవద్దని 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. అక్కడ నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివారి సంఖ్య కొన్నేళ్ళలో దాదాపు సగానికి తగ్గింది. కాని వెల్లకిలా పడుకోవడంతో చదును తలలు పెరిగాయి! అయినా ఈ బేరంలో లాభమే ఎక్కువ. ఇలాంటి చదును మెదడును నొక్కదు. బిడ్డ కూర్చోవడం నేర్చాక చాలావరకు సర్దుకుంటుంది.

మరి ఆవాల దిండో? దిండు ఏదైనా పసివారి ముక్కుకు అడ్డుపడవచ్చు, కనుక వద్దంటారు వైద్యులు. పది నిమిషాలు ఒత్తినంత మాత్రాన రోజంతా పడే బరువు తీరదు కదా! నిద్ర వెల్లకిలానే. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దలు దగ్గరుండి, కాసేపు బోర్లా ఆడించాలి. పడుకోబెట్టే దిక్కు మారుస్తుంటే వెలుతురు కోసం తల రెండు పక్కలకూ తిరుగుతుంది. ఖరీదైన హెల్మెట్లూ ఉన్నాయి. కాని 2014లో నెదర్లాండ్స్‌లో వెలువడిన పరిశీలనలో, అవి పెట్టుకున్నవారికీ పెట్టుకోనివారికీ రెండేళ్ళ వయసులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

సుమారు రెండు వేల మందిలో ఒకరికి మాత్రం అసలు అతుకే ముందుగా మూసుకుపోతుంది. దానికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అందుకే డాక్టరు బిడ్డ తలను పైనుంచి చూస్తారు. పడుకోవడం వల్ల వచ్చిన చదునైతే, ఆ పక్క చెవి కాస్త ముందుకు జరిగి ఉంటుంది.